నూట పది వోల్టుల అబద్ధం

ఒక అన్నం కుక్కర్ ఎనిమిది నిమిషాల్లో చచ్చిపోవడం నేను కళ్లారా చూశాను. చంపింది నేనే. చంపి, నేరం మా సడ్డకుడి మీద వేశాను. సడ్డకుడంటే మా ఆవిడ అక్క మొగుడు. నేను అన్నా అంటాను, ఆయన తమ్మీ అంటాడు. సూరత్‌లో నవాగామ్‌లోని ఒక మేడ మీద వాళ్ల గదీ మా గదీ పక్కపక్కనే ఉండేవి. మధ్యలో ఒకటే గోడ.

ఆయన సౌదీలో ఆరేళ్లు పనిచేసి వచ్చేటప్పుడు ఒకే రకం కుక్కర్లు రెండు తెచ్చాడు. అక్కకొకటి, చెల్లెలికొకటి. తెల్లటి డబ్బా, ఎర్రటి మీట, గాజు మూత. ప్లగ్గు మాత్రం మన గోడలో దూరేది కాదు. మనవి గుండ్రటి కాళ్లు, దానివి రెండు చపటా రేకులు. మా ఆవిడ దాన్ని నా ముందు పెట్టి, "నువ్వు వైర్‌మన్‌వే గదా, జర దీని కాళ్లు మార్చు" అంది.

నేను భేస్తాన్‌లో ఒక మగ్గాల షెడ్డులో వైర్‌మన్‌ని. మా షెడ్డుల్లో ఒక అలవాటు ఉండేది. మోటారు మీది రేకు మీద ఏం రాసి ఉందో ఎవరూ చదవరు. చదివేవాడు పని రానివాడని లెక్క. మోటారును చేత్తో ఎత్తి బరువు చూసి, తిప్పి చప్పుడు విని, ఇది ఇంత, దానికి అంత అని చెప్పేయాలి. నేను ఇరవై ఏళ్లు అలాగే చెప్పాను. కుక్కర్‌ను కూడా అలాగే ఎత్తి చూశాను. చపటా ప్లగ్గు కోసి పారేసి, మన మూడు కాళ్ల ప్లగ్గు బిగించి, స్విచ్చి నొక్కాను.

అంత హుషారైన కుక్కర్‌ను నేనెప్పుడూ చూడలేదు. బియ్యం పెట్టీ పెట్టకముందే గంజి పొంగి మూతను నాట్యమాడించింది. మా ఆవిడ చప్పట్లు కొట్టింది. నేను మీసం దువ్వాను. ఆ తర్వాత కాలిన వాసన వచ్చి కుక్కర్ చల్లబడింది. బోర్లించి చూస్తే అడుగున రేకు మీద నూట పది వోల్టులని ఉంది. మన గోడలో వచ్చేది రెండు వందల ముప్పై.

ఆ క్షణంలో చెప్పి ఉంటే ఇంటిల్లిపాదీ నవ్వుకుని మరిచిపోయేవాళ్లం. మా ఆవిడ వంటగది మూలకు వెళ్లేదాకా ఆగి, స్క్రూడ్రైవర్‌తో ఆ అంకె గీకేశాను. ఆమె తిరిగి వచ్చేసరికి, "నకిలీ మాల్. మీ బావను ఎవడో ముంచిండు" అన్నాను.

మాట అక్కడితో ఆగితే బాగుండేది. మా ఆవిడ పక్క గదికి వెళ్లి, "మంచిది నువ్వు ఉంచుకొని పాడుది మాకిచ్చినవా అక్కా" అంది. మా వదిన తన కుక్కర్‌ను డబ్బాలోంచి తీయనే లేదు. తీయకుండానే అటక మీద పెట్టేసి తలుపు వేసుకుంది. ఆ తలుపు నాలుగేళ్లు మాకు తెరుచుకోలేదు. అక్కాచెల్లెళ్లు ఒకే పంపు దగ్గర నీళ్లు పట్టుకుంటూ ఒకరి బిందెను ఒకరు చూడనట్టు నడిచేవారు. మగవాళ్లం మేమిద్దరం మాత్రం టీ బండి దగ్గర దొంగల్లా మాట్లాడుకునేవాళ్లం.

లాక్‌డౌన్ వచ్చింది. షెడ్డులు బందయ్యాయి. మగ్గాలు ఆగిపోతే సూరత్ ఎలా ఉంటుందో మాకెవరికీ తెలియదు. మొదటి రోజు ఆ నిశ్శబ్దానికి నాకు చెవుల్లో ఏదో రోగం వచ్చిందనుకున్నాను. మా వరసలో చాలామంది దొరికిన లారీ ఎక్కి వెళ్లిపోయారు. మిగిలింది మేము రెండిళ్లవాళ్లం.

రేషన్ బియ్యం వచ్చి పడ్డాయి. వండటానికి మంట లేదు. మాకు ఉండేవి దుకాణంలో నింపించుకునే చిన్న సిలిండర్లు, ఆ దుకాణాలు మూసేశారు. మా కరెంటు పొయ్యి తీగ ఎన్నోసార్లు తెగి, అతికించీ అతికించీ, చివరికి అతికించడానికి కూడా మిగల్లేదు. రెండు పూటలా ఎవరో పుణ్యాత్ములు పంచే ఖిచిడీ తెచ్చుకునేవాళ్లం. మంచి ఖిచిడీయే. పదకొండో రోజు మా ఆవిడ గిన్నె మూత తీసి చూసి, మళ్లీ మూసి, "అన్నం మెతుకు వేరుగ ఉంటదని యాదికున్నదా నీకు?" అంది.

పన్నెండో రోజు పొద్దున అన్న మా గుమ్మం ముందుకు వచ్చి నిలబడ్డాడు. ముఖానికి దస్తీ, చంకలో తెల్ల డబ్బా.

"తమ్మీ, మీ వదిన ఇగ పట్టు ఇడిచింది. అటక మీదికెంచి దించింది. జర దీని ప్లగ్గు మార్చియ్యి."

నేను డబ్బా అందుకోలేదు.

"ఇదిగూడ నకిలీదైతే?" అన్నాను.

"అయితే నా మొకం మీద కొట్టు. అయింది అయితది. కనీసం తెలుస్తది గదా, నన్ను ఒక్కసారి ముంచిండా రెండుసార్లు ముంచిండా."

డబ్బా నా చేతిలో పెట్టి, లోపలున్న మా ఆవిడ వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

ఇప్పుడు నా ముందు మూడు దారులున్నాయి. ప్లగ్గు మార్చి ఇస్తే ఇదీ కాలిపోతుంది, నా అబద్ధానికి రెండో సాక్ష్యం దొరుకుతుంది, ఆయన శాశ్వతంగా మోసపోయినవాడవుతాడు. మార్చనంటే ఎందుకో చెప్పాలి. మూడోది, నిజం చెప్పడం. సిగ్గుతో రాస్తున్నాను, నేను మొదట ఆలోచించింది మొదటి దారి గురించే. కాసేపు కాదు, ఖిచిడీ చల్లారేంతసేపు.

తర్వాత ఫోన్ తీశాను. అన్నానికి దారి దొరుకుతుందేమోనని చూడబోయి, ప్రపంచమంతా తిరిగి వచ్చాను. ఇరవై ఏళ్లు కరెంటు పనిచేసినవాడిని, గోడలో ఉండే ఆ మూడు రంధ్రాలు ఒక్క సౌదీలో తప్ప లోకమంతా అలాగే ఉంటాయనుకున్నాను. ఇంగ్లండు ప్లగ్గుకు మూడు నలుచదరపు కాళ్లు, దాని కడుపులోనే ఫ్యూజు. ఇటలీలో మూడు గుండ్రటి కాళ్లు ఒకే వరసలో, ఖిచిడీ లైన్లో నిలబడ్డట్టు. ఆస్ట్రేలియాలో రెండు కాళ్లు ఏటవాలుగా, అలిగిన కనుబొమల్లా. డెన్మార్క్ సాకెట్టయితే గోడలోంచి మనిషి నవ్వుతున్నట్టే ఉంది. జపాన్‌లో వంద వోల్టులేనట, పైగా సగం దేశంలో సెకనుకు యాభై, సగం దేశంలో అరవై సార్లు అటూ ఇటూ ఊగుతుందట కరెంటు. బ్రెజిల్‌లో ఒక ఊళ్లో నూట ఇరవై ఏడు, ఇంకో ఊళ్లో రెండు వందల ఇరవై. అక్కడ కోడలు కుక్కర్ పట్టుకుని ఊరు మారితే ఏం చేస్తుందో అని నాలో నేను నవ్వుకున్నాను.

"ఏంది ఒక్కనివే నవ్వుతున్నవ్?" అంది మా ఆవిడ.

"డెన్మార్క్ గోడలు నవ్వుతున్నయి" అన్నాను.

"ఎండ కొట్టింది నీకు" అని నీళ్లు తెచ్చిచ్చింది.

ఎవరి దేశంలో వాళ్లు మొదట్లో తోచినట్టు గోడల్లో బిగించేసుకున్నారు. తర్వాత ఇంకొకరిది మేలని తెలిసినా, ఇన్ని గోడలు పగలగొట్టేది ఎవరు? అది చదివినప్పుడు కూడా నాకు నవ్వే వచ్చింది. నవ్వుతూనే అటక మీది మా చచ్చిన కుక్కర్‌ను దించాను. మా ఆవిడ దాని లోగిన్నెలో నాలుగేళ్లుగా బియ్యం కడుగుతోంది. డబ్బాను మాత్రం పారేయలేదు. అక్క ఇచ్చింది కదా.

విప్పి చూస్తే వేడి రేకు నిక్షేపంగా ఉంది. పోయింది లోపలి చిన్న ఫ్యూజు. బియ్యపు గింజంత వస్తువు. ఆ గింజ కోసం ఇద్దరు మనుషులు నాలుగేళ్లు మాట్లాడుకోలేదు. ఫ్యూజు తీసేసి రెండు తీగలు కలిపేశాను. ఎవరూ చేయకూడని పని, దగ్గరే కూర్చుని కాపలా కాయాల్సిన పని.

అప్పుడు తట్టింది. మా షెడ్డులో నాలుగు వందల నలభై లైను చూడాలంటే ఒక్క బల్బు పెట్టం, పగిలిపోతుంది. రెండు బల్బులు ఒకదాని తోక ఇంకొకదానికి కట్టి పెడతాం. చెరి సగం పంచుకుని రెండూ వెలుగుతాయి. రెండు బల్బులు చేసే పని ఒకే రకం రెండు కుక్కర్లు చేయవా? రెండు వందల ముప్పైని చెరి సగం చేస్తే నూట పదిహేను. నేను గదిలో ఒక్కసారి ఎగిరాను. కింది అంతస్తులోని ఇంటి యజమాని, ఒక గుజరాతీ కాకా, "శు థయు?" అని కేకేశాడు. ఏమీ కాలేదు కాకా అన్నాను.

ఆ ఎగురుడులోనే నిజం చెప్పేసి ఉంటే ఈ కథ ఇక్కడ అయిపోయేది. గడప దాటేలోపు నా నోట్లో కొత్త అబద్ధం తయారైంది.

"అన్నా, మిల్లులన్నీ బందున్నయి. ఊరంతకు పోయే కరెంటు ఇప్పుడు మన ఇండ్లలకు మళ్లుతున్నది. ఒక్క కుక్కర్ తట్టుకోదు. రెండిండ్ల కుక్కర్లు కలిపి కడితే ఆగుతది."

వదిన తలుపు వెనక నుంచే అడిగింది. "అట్లయితే మా ఫ్యాన్ జోరుగ ఎందుకు తిరుగుతలేదు?"

"ఫ్యాన్‌కు రెగ్యులేటర్ ఉంటది వదినా."

"మరి మీది నకిలీది గదా, అదెట్ల పనిచేస్తది?"

"నేను బాగుచేసిన" అన్నాను. అన్న నా భుజం తట్టబోయి, రోగం గుర్తొచ్చి, గాలిలోనే తట్టాడు. ఆ గాలి తట్టుడుకు నేను సంతోషించాను కూడా. అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పటికీ ముఖం దాచుకోబుద్ధవుతుంది.

వరండాలో రెండు గుమ్మాల మధ్య ఒక చెక్క మీద సాకెట్లు బిగించి తీగలు ఇటూ అటూ లాగాను. ఈ ఏర్పాటుకు ఒక గుణం ఉంది. రెండు మీటలూ కిందికి నొక్కితేనే రెండూ వేడెక్కుతాయి. ఒకరు నొక్కకపోతే ఇంకొకరిది చల్లగానే ఉంటుంది. ఒకరి అన్నం ముందుగా ఉడికి మీట టక్కుమని లేచిందంటే రెండో ఇంట్లో వంట అక్కడే ఆగిపోతుంది. అందుకని రెండిళ్లలో ఒకే బియ్యం, ఒకే కొలత, ఒకే నీళ్లు, ఒకే నిమిషం కావాలి. మాట్లాడుకోని ఇద్దరు ఆడవాళ్ల మధ్య.

నేను గుమ్మాల మధ్య ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాను.

"మీ ఆమెను అడుగు, ఎన్ని గ్లాసులని" అంది వదిన లోపల్నుంచి.

"రెండు అని చెప్పు" అంది మా ఆవిడ ఇటు నుంచి.

"ఏ గ్లాసు అని అడుగు."

"మా ఇంట్ల ఉన్నది ఒక్కటే గ్లాసని చెప్పు."

చివరికి మా గ్లాసే నా చేతుల మీదుగా అటు వెళ్లి ఇటు వచ్చింది. మూడు లెక్కపెట్టాను. రెండు మీటలు ఒకేసారి దిగాయి. రెండు ఎర్ర దీపాలు వెలిగాయి. పెళ్లిలో జీలకర్రబెల్లం పెట్టించిన పంతులుకు కూడా అంత గర్వం ఉండదు.

పావుగంట తర్వాత మాది టక్కుమంది. పక్కన దీపం ఆరిపోయింది. మా ఆవిడ మొండికేసి నీళ్లు తక్కువ పోసింది. వదిన అన్నం పలుకుగా మిగిలింది.

"మీ ఆమెకు చెప్పు" అంది వదిన, ఈసారి గుమ్మం దాకా వచ్చి, "అన్నానికి నీళ్లెన్ని పొయ్యాల్నో వాళ్లమ్మ నేర్పలేదా అని."

"వాళ్లమ్మ, మా అమ్మ ఒక్కతేనని చెప్పు" అంది మా ఆవిడ.

అన్న దగ్గినట్టు నటించాడు. నాకు నవ్వాగలేదు. తలుపు వెనక వదినకు కూడా ఆగలేదని గాజుల చప్పుడు చెప్పింది.

మర్నాడు నీళ్లు ఒకేలా పోశారు. రెండు మీటలు ఇంచుమించు కలిసి లేచాయి. మెతుకు మెతుకూ విడిగా ఉన్న అన్నం. పచ్చి పులుసు కలుపుకుని మేము నలుగురం వరండాలో ఎవరి గుమ్మం దగ్గర వాళ్లం కూర్చుని తిన్నాం. మా ఆవిడ మూడోసారి వడ్డించుకుంది. అన్న చేయి కడుక్కున్నాక మళ్లీ కంచం ముందు కూర్చున్నాడు. ఊరంతా తలుపులు మూసుకుని భయంతో ఉంది. మేము మాత్రం పిల్లల్లా ప్రతి మధ్యాహ్నం ఆ టక్కు కోసం చెవులు రిక్కించేవాళ్లం. ఎవరిది ముందు లేస్తుందోనని నేనూ అన్నా పందెం కాసేవాళ్లం, ఓడినవాడు గిన్నెలు తోమాలి. వారం తిరక్కుండానే వాళ్ల నడుమ మాటలు మోసే పని నాకు తప్పింది. "నొక్కుతున్నవా?" అని వదిన గోడ మీద కొట్టేది. "నొక్కుతున్న అక్కా" అని మా ఆవిడ అరిచేది. అక్కా అన్న మాట బయటికి వచ్చేసిందని ఆమెకే ఆలస్యంగా తెలిసింది.

ఒక మధ్యాహ్నం అన్నం ఉడుకుతుండగా మా ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడి, నేల చూస్తూ అంది.

"అక్కా, మంచిది ఉంచుకొని పాడుది ఇచ్చినవని అంటి. నోరు జారిన. తప్పు నాదే."

వదిన కొంగు సర్దుకుంది. "నేను మాత్రం? చెల్లెవని చూడకుండ తలుపేసుకున్న."

"మీ ఇద్దరిది కాదు" అన్నాడు అన్న. "నాది. నాలుగు దుకాణాలు చూడకుండ మొదటి దుకాణంలనే కొన్న. ఆ దుకాణపోడు నన్ను ముంచిండు."

నేను పీట మీద టెస్టర్ పట్టుకుని కూర్చున్నాను. అంతా నా ప్రమేయం లేకుండానే సర్దుకుంటోంది. నోరు మూసుకుంటే చాలు, ఈ కథలో కరెంటు పంచి ఇద్దరినీ కలిపిన మొనగాణ్ని నేనే. ముగ్గురు మనుషులు నా ఎదుట నిలబడి నేను చేసిన పనిని తలా కొంచెం పంచుకుని మోస్తున్నారు. అది చూస్తూ కూర్చోలేకపోయాను.

"ఎవరి తప్పు లేదు. నాది" అన్నాను.

స్విచ్చి తీసేశాను. రెండు దీపాలూ ఆరాయి. అన్నం గిన్నెలు బయటికి తీయించి, రెండు డబ్బాలూ వరండాలో బోర్లించాను. వదినవాళ్ల రేకు మీద అంకె కొత్తగా మెరుస్తోంది. మా రేకు మీద అదే చోట గీతలు. చదవకుండా ప్లగ్గు మార్చింది, చూశాక గీకింది, నకిలీ అన్నది, మిల్లులు బందైతే కరెంటు ఎక్కువ వస్తుందన్నది, అన్నీ చెప్పాను.

మా ఆవిడ వంగి ఆ గీతల మీద వేలు పెట్టి చూసింది.

"చూసినంకనే గీకినవా? తెలిసే?"

"తెలిసే."

"నాలుగు బతుకమ్మలు" అంది వదిన మెల్లగా. "ఒక్క గోడకు అటొకటి ఇటొకటి పేర్చినం."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కొట్టుకుంటారో ఏడుస్తారో అనుకున్నాను. మా ఆవిడే ముందు నవ్వింది, వదిన అందుకుంది. ఆ నవ్వు నా మీద రాళ్లలా పడుతుంటే నాకు హాయిగా కూడా ఉంది, ఎందుకో చెప్పలేను.

"మల్ల గిన్నెలు పెట్టి మీట నొక్కి పో" అంది వదిన. "ఇద్దరు పోండ్రి మిద్దె మీదికి. మీ మొకాలు కనవడితే ఈ అన్నం ఉడకది."

"నేనేం చేసిన?" అన్నాడు అన్న.

"ఆరేండ్లు ఉండి, అడుగున ఏం రాసున్నదో చదవకుండ మోసుకొచ్చినవ్. నువ్వు గూడ పో."

మిద్దె మీద ఎండ. రెండు మూలల నిలబడ్డాం. నవాగామ్ నుంచి కనిపించినంత దూరం ఒక్క షెడ్డు కూడా చప్పుడు చేయడం లేదు.

"అక్కడ మా రూంల గోడకు రెండు తీర్ల బొక్కలుండె" అన్నాడు అన్న. "ఏసీకొకటి, అన్నానికొకటి. ఎందుకని ఒక్కనాడు అడగలే." నా వైపు తిరిగి, "ఆ దుకాణం ముసలాయనను ఎన్ని తిట్లు తిట్టిన్నో నీకు తెల్వదు తమ్మీ. పండేటప్పుడు తిట్టిన, లేస్తే తిట్టిన. పాపం, మంచి మాలే ఇచ్చిండు."

"తప్పయింది అన్నా."

"నాకు కాదు. ఆయనకు చెప్పు." సముద్రం ఉన్న వైపు, పడమటికి చేయి చూపించాడు. "అటే ఉంటది సౌదీ."

పరాచికాలాడుతున్నాడేమోనని చూశాను. కళ్లు నవ్వుతున్నాయి, చేయి మాత్రం దిగలేదు. నేను పడమటికి తిరిగాను.

"మాఫ్ కరో, సేఠ్" అన్నాను.

"గట్టిగ. మస్తు దూరం."

అరిచాను. పక్క మిద్దె మీది పావురాలు లేచాయి. కింది నుంచి కాకా మళ్లీ ఏమైందన్నాడు. అన్న ఇంకోసారి అన్నాడు, ఇంకోసారి అరిచాను, ఇద్దరం నవ్వుతూ పిట్టగోడ పట్టుకుని వంగిపోయాం. దస్తీల్లో ఊపిరాడలేదు.

నవ్వు తగ్గాక ఆయన ముఖం తుడుచుకున్నాడు.

"ఇప్పుడు నాకు చెప్పు" అన్నాడు.

ఎన్నడూ చూడని మనిషికి అంత గొంతెత్తి చెప్పినవాడిని, ఎదుట నిలబడ్డ మనిషికి చెప్పబోతే మాట రాలేదు. ఆయన తొందరపెట్టలేదు. ఎండలో అలాగే నిలబడి ఎదురుచూశాడు. చెప్పాను, ఆయనకు ఒక్కడికే వినపడేంత.